గోటి మొదట్లో నెత్తురు తీగలు

కొల్లాపూర్,
మే 27

అర్చనకు,

బస్సులో వేసిన మామిడిపండ్ల పెట్టె అందిందని మీ అన్నకు ఫోన్ చేశావట. నాతో ఎందుకు మాట్లాడలేదని అడగను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే మనం మాట అనుకున్నాం కదా, ఇంటి సంగతులు ఫోన్లో, మనసులోవి ఉత్తరంలో అని. ఇరవై రెండేళ్లుగా మన మాట మనం తప్పలేదు. "మీ వదినా ఆడబిడ్డలు లేకుంటే ఈ ఊర్ల నాకు పనే లేదమ్మ" అంటాడు పోస్ట్‌మన్ మాసయ్య.

పైవరస పండ్లు వెంటనే తిను. అడుగున ఉన్నవి ఇంకో నాలుగు రోజులు గడ్డిలోనే ఉండనివ్వు. ఈసారి కాపు బాగుంది. ఏప్రిల్లో వచ్చిన గాలివాన మన తోటను వదిలేసి పక్కనుంచి పోయింది. మీ అన్న దాన్ని తన గొప్పతనంగానే చెప్పుకుంటున్నాడు.

ఒక వింత చెప్పనా? ఈసారి నేను ఒక్క కాయ కూడా తెంపలేదు. వల కట్టిన కర్ర కిష్టమ్మ చేతికిచ్చి, నేను నీడలో కూర్చొని కాయలు ఏరి పెట్టెల్లో సర్దాను. మా తోటలో పనికొచ్చే కిష్టమ్మ సంగతి నీకు తెలుసు కదా, కర్ర చేతికి రాగానే నాకే పనులు చెప్పడం మొదలుపెట్టింది. ఏం లేదులే, భుజాలు కాస్త బరువుగా ఉంటున్నాయి. కనురెప్పల మీద, వేళ్ల కణుపుల మీద ఎర్రగా కమిలింది. కాయ సొన పడి ఉంటుందని అందరూ అంటున్నారు. నేనూ అదే అంటున్నాను.

నీ బడి సంగతులు రాయి.

మీ వదిన,
స్వరూప


గద్వాల,
జూన్ 20

వదినా,

పండ్లు స్టాఫ్ రూముకు తీసుకుపోవడం నేను చేసిన తప్పు. టెంకలు తప్ప ఏమీ మిగల్లేదు.

నువ్వు రాయనిది అన్న చెప్పాడు. కింద కూర్చుంటే లేవలేక కుర్చీలో కూర్చొని తింటున్నావట. సొన పడితే కనురెప్పలు కమలవచ్చు. భుజాలు బరువెక్కుతాయా? నేల మీదినుంచి లేవలేకపోతారా? ఇరవై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన దాన్ని, నాకే ఈ కథ చెబుతావా?

ఒక మంచి కబురు కూడా ఉంది. మా బడికి ఒక పాత విద్యార్థిని చిన్న సూక్ష్మదర్శిని పంపింది. టార్చిలైటంత ఉంటుంది. ఫోనుకు తగిలిస్తే తెర మీద బొమ్మ కనబడుతుంది. గోరు మొదలయ్యే చోట, చర్మం మీద ఒక కొబ్బరినూనె చుక్క వేసి చూస్తే లోపలి సన్నని నెత్తురు తీగలు కనబడతాయి. ఒకదాని పక్కన ఒకటి, తలపిన్నులు వరసగా గుచ్చినట్టు, ఎంత పద్ధతిగా నిలబడి ఉంటాయో. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని వదల్లేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

వచ్చే వారం రా. నీ వేళ్లు కూడా చూద్దాం. సరదాగానే. అక్కడి దవాఖానలో ఇచ్చిన పూతమందు కూడా వెంట తీసుకురా.

నీ అర్చన


గద్వాల,
జులై 3

వదినా,

నువ్వు వచ్చి వెళ్లి నాలుగు రోజులైంది. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను.

మా ఇంటి మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగావు. "మీ గద్వాల మెట్లు మా కొల్లాపూర్ మెట్ల కన్న ఎత్తున్నయి" అని నవ్వావు. నేనూ నవ్వాను. తరువాత కిటికీ దగ్గర కూర్చోబెట్టి నీ ఉంగరపు వేలి మీద నూనె చుక్క వేశాను. నువ్వు తెర వైపు చూసి "బాగున్నయా?" అని అడిగావు. బాగానే ఉన్నాయని చెప్పి, చాయ పెడతానని లేచి వంటింట్లోకి పోయాను. చాయలో చక్కెర వేయడం మరిచానని నువ్వు తిట్టావు కూడా. ఎందుకు మరిచానో ఇప్పుడు రాస్తున్నాను.

నీ వేళ్ల దగ్గర ఆ వరస లేదు. కొన్ని తీగలు మామూలుకన్నా నాలుగింతలు ఉబ్బి ఉన్నాయి. కొన్ని చిన్న పొదల్లాగా చిక్కుపడ్డాయి. మధ్య మధ్య అసలు తీగలే లేని ఖాళీలున్నాయి. నెత్తురు చిమ్మి గడ్డకట్టిన చుక్కలు కూడా. నాకు భయమేసింది. చాయ తాగాక సరదాకన్నట్టు మరో నాలుగు వేళ్లు చూశాను. అన్నిట్లోనూ అంతే. నేను డాక్టరును కాను. ఏం జబ్బో చెప్పలేను. ఆరోగ్యంగా ఉన్న వేళ్లు మాత్రం బడి తెరిచినప్పటినుంచి డెబ్బై దాకా చూశాను. నీవి వాటిలా లేవు.

నా దగ్గర పదో తరగతి చదివిన సరిత ఇప్పుడు హైదరాబాదులో కీళ్లు, కండరాల జబ్బుల డాక్టరు. ఆ బొమ్మలు ఆమెకు పంపాను. అరగంటలో ఫోన్ చేసింది. "బొమ్మ చూసి జబ్బుకు పేరు పెట్టను టీచర్. గాని జర జల్ది తోల్కరాండ్రి" అంది. సోమవారానికి రమ్మంది. అన్నతో మాట్లాడాను, బండి మాట్లాడాడు. పెబ్బేరులో నేనూ ఎక్కుతాను.

కోపం ఉంటే బండిలో తిట్టు. రానని మాత్రం అనకు.

అర్చన


కొల్లాపూర్,
జులై 29

అర్చనా,

హైదరాబాదు దవాఖానలో నువ్వు మూడు రోజులు ఉండి బడికి వెళ్లిపోయావు కాబట్టి తరువాతి కథ నేనే చెప్పాలి.

ముందు ఆ పేరు. డెర్మటోమయోసైటిస్. మీ అన్న దాన్ని కాగితం మీద రాసుకొని, వార్డు బయట నడుస్తూ కంఠస్థం చేశాడు. ఇప్పుడు ఊర్లో ఎవరు అడిగినా రైలు స్టేషన్ పేరు చెప్పినట్టు గడగడా చెబుతున్నాడు. విన్నవాళ్లు రెండోసారి అడగడం లేదు. అదొక మేలు.

నెత్తురు పరీక్షలు చేశారు. తొడ దగ్గరి కండలోంచి గోరంత ముక్క తీశారు. ఈ జబ్బు వెనక ఇంకేదైనా పెద్ద జబ్బు దాగి ఉందేమోనని ఒళ్లంతా స్కానింగ్ చేశారు. ఆ ఫలితం కోసం కూర్చున్న రోజు మీ అన్న చాయ కూడా ముట్టలేదు. ఏమీ లేదని చెప్పగానే క్యాంటీన్‌కు పోయి ఆరు ఇడ్లీలు తెచ్చాడు. నాకనుకున్నాను. ఆరూ తనే తిన్నాడు.

సరిత మంచి డాక్టరు. నీ దగ్గర చదివిందంటే నమ్మొచ్చు. నేను బద్ధకస్తురాలిని అయిపోయానని, వయసు మీద పడుతోందని నాలుగు నెలలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నానని ఆమెతో చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చొని అడిగింది.

"మీ తోటల డ్రిప్పు ఉందా అమ్మ?"

ఉందని మీ అన్న చెప్పాడు.

"గా సన్న పైపులు ఉబ్బి, పగిలి, కొన్ని మూసుకపోతే చెట్టుకేమైతది?"

"ఆకులు వాడ్తయి" అన్నాడు మీ అన్న.

"అప్పుడు చెట్టు బద్ధకస్తురాలని తిడ్తరా?"

ఆ మాటతో నా గుండె మీదినుంచి బండ దించినట్టయింది అర్చనా. మన ఒంటికి కాపలా ఉండాల్సిన బలగమే పొరబడి, కండల్లోని సన్నని నెత్తురు తీగల మీద పడుతుందట. తీగలు చెడితే కండకు తిండి అందదు. ఆ లోపలి తీగలు మనకు కనబడవు. వేళ్ల దగ్గరివి మాత్రం కనబడతాయి. లోపల ఏం జరుగుతోందో అవి కొంత చెబుతాయట. సరిగా మందులు వాడితే ఉబ్బినవి తగ్గుతాయట, ఖాళీల్లో కొత్తవి కూడా రావచ్చట. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి అంది.

ఎండ మాత్రం తగలకూడదట. మామిడితోటదానికి ఎండ వద్దంటే ఎట్లా? మీ అన్న పొడుగుచేతుల చొక్కాలు వేసుకొని, గొడుగు పట్టుకొని పొద్దు వంగాక తోటకు పోతున్నాను. కిష్టమ్మ నన్ను చూసి "కలెక్టరమ్మ తనిఖీకొచ్చింది, లేవుండ్రి" అని కూలీలందరినీ నిలబెట్టింది.

నవ్వుతూనే ఉన్నాను. నువ్వూ నవ్వు.

స్వరూప


గద్వాల,
అక్టోబరు 12

వదినా,

నీ పోయిన నెల ఉత్తరం మళ్లీ తీసి చదివాను. పొలం గట్టు మీద నడిచావని, కింద కూర్చొని నీ అంతట నువ్వే లేచావని చదివినప్పుడు క్లాసులో కూడా ఆ నవ్వు దాచుకోలేకపోయాను.

ఈ నెల ఉత్తరం మాత్రం నాకు నచ్చలేదు. నాలుగు పేజీలూ జోకులే. అన్న కోడిని తరిమిన కథ ఉంది, కిష్టమ్మ మనవరాలి బారసాల ఉంది. మందుల మాట ఎక్కడా లేదు. వేళ్ల ఫోటోలు పంపమని మూడుసార్లు అడిగాను. బడిలో అడిగి ఆ చిన్న సూక్ష్మదర్శిని నీకు ఇచ్చింది అందుకే, అన్నం గిన్నె పక్కన అలంకారంగా పెట్టుకోవడానికి కాదు.

ఏం దాస్తున్నావు?

అర్చన


కొల్లాపూర్,
నవంబరు 9

అర్చనా,

నువ్వు అడిగినందుకు కోపమొచ్చి నెల రోజులు రాయలేదు. నిజం అడిగావు కాబట్టే కోపం.

గోలీలు మానేశాను. సెప్టెంబరు చివర్లో. నా ముఖం చూడలేదు నువ్వు. ఆ గోలీలకు గుమ్మడికాయలా ఉబ్బింది. మా చిన్నత్త కూతురి పెళ్లిలో ఒకామె నన్ను గుర్తుపట్టక, స్వరూప రాలేదా అని నన్నే అడిగింది. నేను రాలేదనే చెప్పాను. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాను. అప్పటికి చేతులు లేస్తున్నాయి, కాళ్లు నడుస్తున్నాయి. తగ్గిపోయింది, ఇంకా ఎందుకు మింగాలి అనిపించింది.

మొదట్లో కొంచెం నీరసమే అనుకున్నాను. తరువాత మంచినీళ్లు మింగుతుంటే గొంతులో ఆగడం మొదలైంది. ఒకరోజు స్నానాలగదిలో పడిపోయాను. దెబ్బ తగల్లేదు, లేవలేకపోయాను. మీ అన్న వచ్చి లేపాడు. లేపి, మంచం మీద కూర్చోబెట్టి, లోపలికి పోయి బియ్యం డబ్బా మూత తీశాడు. అందులో నేను దాచిన గోలీల అట్టలన్నీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని.

"పది దినాల కిందనే నాకు ఎర్కయింది" అన్నాడు. "నువ్వే చెప్తవని ఆగిన. గట్ల ఆగుడు నా తప్పు. నీ మొకం గుండ్రంగుంటే నాకేంది స్వరూప. మొకముంటే సాలు నాకు."

ఇన్నేళ్లలో ఆయన నాతో ఇంత పొడుగు మాట మాట్లాడింది అదే. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆ రోజు మధ్యాహ్నమే బండి తెచ్చాడు.

సరిత కూడా తిట్టలేదు. ఇట్లాంటి గోలీలు ఒక్కసారిగా ఆపడం జబ్బుకన్నా ప్రమాదం కావచ్చని మాత్రం గట్టిగా చెప్పింది. తరువాత రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. సెప్టెంబరు మొదట్లో తీసిన దానిలో తీగలు కాస్త సన్నబడి, వరసకు వస్తున్నాయి. ఇప్పటి దానిలో మళ్లీ నల్లని నెత్తురు చుక్కలు. నేను అందరికీ అబద్ధం చెప్పగలిగాను, నా వేళ్లు చెప్పలేదు.

మందులు మళ్లీ మొదలయ్యాయి. వారానికొకసారి వేసుకునే ఇంకో గోలీ కూడా ఇచ్చింది. అది పని చేయడం మొదలుపెడితే ముఖం ఉబ్బించే గోలీని మెల్లగా తగ్గించవచ్చట. ముఖం గురించి బాధ ఉంటే నాకు ముందే చెప్పాల్సింది అమ్మా, దానికీ దారి ఉంటుంది అంది. నిజమే. అడగడానికి సిగ్గుపడ్డాను.

నీకు కూడా చెప్పలేదు. మన ఒప్పందం తప్పాను.

స్వరూప


గద్వాల,
నవంబరు 16

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు పళ్లు కొరుక్కున్నాను. తరువాత అన్న మాట దగ్గర ఆగి, ఏడ్చి, మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ మొద్దు మనిషికి అంత మాట ఎక్కడినుంచి వచ్చింది?

ఒప్పందం నేనూ తప్పాను. జులైలో నీ వేళ్లు చూసిన మరునాడు, నేను చదవకూడనివన్నీ చదివాను. స్టాఫ్ రూములో పుస్తకం అడ్డం పెట్టుకొని ఏడ్చాను. నీకు రాసిన ఉత్తరంలో మాత్రం ధైర్యస్తురాలిలా రాశాను. ఆ ధైర్యం చూసి, నాతో నీ భయం చెప్పుకోకూడదని నువ్వు అనుకొని ఉంటావు. ఇకనుంచి ఇద్దరం భయపడదాం, కలిసి.

శనివారం వస్తున్నాను. పెబ్బేరు సంత రోజు కాబట్టి రోడ్డంతా ఎద్దులే ఉంటాయి, బస్సు ఎప్పుడు కదులుతుందో తెలియదు. అన్నం నాకోసం ఆపకు. గుమ్మడికాయ ముఖాన్ని మాత్రం బయటే కూర్చోబెట్టు, రాగానే చూడాలి.

అర్చన


కొల్లాపూర్,
మార్చి 4

అర్చనా,

ఈ ఉత్తరంలో ఫోటో పెడుతున్నాను. మీ అన్న ఫోటో స్టూడియోలో అచ్చు వేయించాడు. స్టూడియో అతను ఇదేం బొమ్మ అని అడిగితే "మా ఇంటామె ఏలు" అన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. అతను ఏమనుకున్నాడో ఏమో.

ఎడమ పక్కన చూడు. నవంబరులో బోసిగా ఉన్న చోట, ఇప్పుడు మూడు తీగలున్నాయి. సన్నగా, కాస్త వంకరగా ఉన్నాయి. ఉన్నాయి మాత్రం. సరిత వాటిని చూసి కుర్చీలోంచి లేచింది. నెత్తురు పరీక్ష కూడా మామూలుకు దగ్గరగా వచ్చింది. ముఖం ఉబ్బించే గోలీ పావు వంతుకు తగ్గింది. నిన్న పై అటక మీదినుంచి పచ్చడి జాడీ దించుకున్నాను. దించాక మళ్లీ ఎక్కించాను, ఊరికే. కిష్టమ్మ చూసి నాకు పిచ్చి పట్టిందనుకుంది.

ఇప్పుడు చిక్కు సంగతి. సరిత నెలకొకసారి వనపర్తికి వచ్చి అక్కడ డాక్టరు చదువు చదివే పిల్లలకు పాఠం చెబుతుంది. వచ్చే నెల నన్ను రమ్మంటోంది. నా బొమ్మలు తెర మీద వేస్తుందట, నేను నా కథ చెప్పాలట. పదో తరగతి తప్పిన దాన్ని, డాక్టర్లకు నేను చెప్పేదేంది?

స్వరూప


గద్వాల,
మార్చి 10

వదినా,

నాలుగు నెలలు అందరూ సొన అన్న సంగతి చెప్పు. బియ్యం డబ్బా సంగతి చెప్పు. ఈ రెండూ వాళ్ల పుస్తకాల్లో ఉండవు. చీర ఏదైనా సరే, అన్న చొక్కా మాత్రం వేసుకోకు.

ఫోటో మా తొమ్మిదో తరగతి గోడకు అంటించాను. ఆ మూడు తీగలకు అమ్మాయిలు పేర్లు పెడుతున్నారు. గొడవ ఇంకా తెగలేదు.

అర్చన


కొల్లాపూర్,
ఏప్రిల్ 12

అర్చనా,

వనపర్తి నుంచి నిన్న వచ్చాం. ఒక్కటి కూడా వదలకుండా రాస్తాను.

పెద్ద హాలు. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు ఎనభై మంది దాకా ఉన్నారు. నా వేలు తెర మీద గుమ్మమంత పెద్దగా కనబడింది. నువ్వు చెప్పినట్టు సొన సంగతితో మొదలుపెట్టాను. బియ్యం డబ్బా దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వారు, తరువాత ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకమ్మాయి, మందులు మానేసే మనిషితో డాక్టరు ఎట్లా మాట్లాడాలని అడిగింది. ముందు అద్దం గురించి అడగండి, తరువాత గోలీల గురించి అడగండి అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది అర్చనా. నేను చెప్పిన మాట పుస్తకంలో రాసుకుంది.

పాఠం అయ్యాక సరిత నన్ను ఆడవాళ్ల వార్డుకు తీసుకుపోయింది. అక్కడ ఈరమ్మ అనే ఆమె ఉంది. నల్లమలలో, మన్ననూరు అవతలి నుంచి వచ్చింది. అడవిలో ఇప్పపువ్వు ఏరి, కట్టెలమోపు తలకెత్తుకొని నడిచే మనిషి. మూడు నెలలుగా మోపు కాదు, చెంబు లేవడం లేదట. నా జబ్బే. వచ్చి నాలుగు రోజులైనా ఎవరితోనూ మాట్లాడలేదట. మందులు మొదలుపెట్టడానికి కూడా ఒప్పుకోలేదట. ఇంటికి పోతానంటోందని ఆమె భర్త బసవయ్య దిగులుగా చెప్పాడు.

నన్ను కిందినుంచి పైదాకా చూసి "నువ్వు ఏ డాక్టరువు?" అంది.

డాక్టరును కాను, మామిడితోటదాన్ని అన్నాను. సరిత ఆమె వేలి మీద నూనె చుక్క వేసి ఫోనులో చూపించింది. నాకు ఏ మాటా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ ఉబ్బిన తీగలు, ఆ ఖాళీలు, ఆ నల్లచుక్కలు, అన్నీ నావే. తరువాత నా వేలు పెట్టింది. ఈరమ్మ ఇటు చూసింది, అటు చూసింది.

"ఇవి నీయి గూడ గట్లనే ఉండెనా?"

"ఇంకా ఖరాబుగుండె" అన్నాను.

ఆమె తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరువాత సరిత వైపు తిరిగి "అయితే మొదలువెట్టుండ్రి" అంది. బసవయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె జుట్టు పది రోజులుగా దువ్వక చిక్కులు పడి ఉంది. బసవయ్యకు జడ వేయడం రాదు, నర్సుకు తీరిక లేదు. నా సంచిలోంచి దువ్వెన తీశాను. ఆమె పొడుగు మనిషి, పైగా ఎత్తు మంచం మీద కూర్చుంది. నేను వెనక నిలబడి, మడమలెత్తి, నడినెత్తి నుంచి చిక్కులు తీస్తూ వచ్చాను. ఆమె అడవి సంగతులు చెబుతోంది, నేను తోట సంగతులు చెబుతున్నాను. జడ అల్లి, చివర ముడి వేశాక చూస్తే మీ అన్న గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. బస్సు కోసమనుకున్నాను.

"ఇర్వై నిమిషాలు" అన్నాడు. "ఇర్వై నిమిషాలు చేతులు మీదికే ఉన్నయి నీయి."

నాకు తెలియనే తెలియలేదు అర్చనా. నొప్పి లేదు, వణుకు లేదు. నేను నా చేతులను మరిచిపోయాను. ఏడాది తరువాత.

వచ్చేటప్పుడు ఈరమ్మ జడ ముందుకు వేసుకొని, తడిమి చూసుకొని, గట్టిగానే అల్లావంది. మళ్లీ ఎప్పుడు వస్తావని అడిగింది. వచ్చే నెల పాఠానికి వస్తానన్నాను.

"రా. నీ జడ నేనేస్త" అంది.

నెల రోజుల్లో ఆమె చేతులు అంత ఎత్తుకు లేవవని నాకు తెలుసు. ఆమెతో చెప్పలేదు. దువ్వెన తేలిగ్గా జారేలా జుట్టుకు బాగా నూనె పెట్టుకొని పోతాను.

నీ స్వరూప